ఏసీ లైట్లు ఆగి ఆగి వెలుగుతున్నాయి: బోర్డు పోయినట్టేనా, వేరే కారణం ఉంటుందా?

ప్రశ్న: నయీంనగర్ టీచర్, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి తన వేగాన్ని మార్చుకునే రకం) స్ప్లిట్ ఏసీ ఉంది. బిగించిన తర్వాత ఇది మూడో వేసవి. ఎండలు ముదిరేదాకా దానితో ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ ఉన్నట్టుండి చల్లదనం ఆగిపోతోంది. లోపలి యూనిట్ మీది ఆకుపచ్చ లైటు వరుసగా కొన్నిసార్లు వెలిగి ఆరి, కాసేపు ఆగి, మళ్లీ అదే తీరుగా మొదలుపెడుతోంది. పక్కనున్న నారింజ రంగు టైమర్ లైటు మాత్రం, మేము టైమర్ పెట్టకపోయినా, ఆ సమయంలో ఆరకుండా వెలుగుతోంది. ఎంసీబీ దించి కాసేపటి తర్వాత ఎత్తితే మామూలుగా నడుస్తుంది. రాత్రిపూట ఒక్కసారి కూడా ఇలా జరగలేదు.

తెలిసినవారు పంపిన మెకానిక్ ఒకాయన వచ్చి, కవరు కూడా విప్పకుండానే బోర్డు (ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయిందని, కొత్తది వేయాలని చెప్పారు. మరొకాయన గ్యాస్ తగ్గిందని, నింపితే సరిపోతుందని అన్నారు. లైటు ఎన్నిసార్లు వెలిగిందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఏసీతో వచ్చిన పుస్తకంలో లైట్ల గురించి ఒక పట్టిక ఉంది గానీ, దాదాపు ప్రతి గడిలోనూ సర్వీసు కేంద్రాన్ని సంప్రదించమన్న మాటే ఉంది.

ఈ లైట్లను చూసి ఇంట్లో ఉండేవాళ్లం ఎంతవరకు అర్థం చేసుకోవచ్చు? ఏది లోపం, ఏది మామూలు సూచన? ఇంకో సందేహం కూడా ఉంది. ఫిల్టర్ గుర్తు ఉన్న చిన్న లైటు ఒకటి కొంతకాలంగా వెలుగుతూనే ఉంది. ఫిల్టర్లను కడిగి ఆరబెట్టి పెట్టినా అది ఆరలేదు. దీనికీ మధ్యాహ్నం వచ్చే ఇబ్బందికీ సంబంధం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: కాశిబుగ్గ ఏసీ మెకానిక్, వరంగల్

అమ్మా, నమస్కారం. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా విలువైన మాట, రాత్రిపూట ఒక్కసారి కూడా జరగలేదన్నది. పూర్తిగా కాలిపోయిన బోర్డుకు రాత్రీ పగలూ తేడా ఉండదు. వేడెక్కినప్పుడు మాత్రమే తప్పు చేసే బోర్డులు ఉండవని కాదు, కానీ ఆ అనుమానానికి రావలసింది మిగతావన్నీ చూసిన తర్వాతే. అందుకని కొత్త బోర్డుకు ఇప్పుడే డబ్బు కట్టకండి.

ఏసీలో ఏ భాగం చెడిందో ఆ లైటుకు తెలియదు. లోపలి బోర్డుకు అందేవి కొన్ని కొలతలు మాత్రమే: గది గాలి ఎంత వేడిగా ఉంది, గాలిని చల్లబరిచే కాయిల్ ఎంత చల్లబడింది, ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోంది, బయటి యూనిట్ నుంచి జవాబు వస్తోందా లేదా. వీటిలో ఏదైనా ఉండవలసిన హద్దు దాటినప్పుడు, ఆ హద్దుకు కేటాయించిన గుర్తును (దీన్నే కోడ్ అంటాం) చూపించి యంత్రాన్ని ఆపేస్తుంది. గది సెన్సర్ లోపమని కోడ్ వచ్చిందనుకోండి. సెన్సరే పోయి ఉండవచ్చు, దాని ప్లగ్ వదులై ఉండవచ్చు, తీగను ఎలుక కొరికి ఉండవచ్చు, లేదా బోర్డులో ఆ కొలతను తీసుకునే భాగమే పాడై ఉండవచ్చు. ఈ సెన్సర్లు వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకానికి చెందినవి. మోడల్‌ను బట్టి విలువ మారినా, 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపే రకం చాలా వాటిలో కనిపిస్తుంది. ప్లగ్ తీసి మల్టీమీటరు పెట్టి, సెన్సర్ మొనను వేళ్ల మధ్య పట్టుకుంటే విలువ మెల్లగా దిగుతూ రావాలి. దిగితే సెన్సర్ దాదాపు బాగున్నట్టే. ఈపాటి పరీక్ష కూడా చేయకుండా బోర్డు పోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ముందు, లోపం కాని లైట్లను పక్కన పెట్టుకుందాం. మీ ఫిల్టర్ లైటు అటువంటిదే. చాలా మోడళ్లలో అది దుమ్మును కొలవదు. ఫ్యాన్ తిరిగిన గంటలను లెక్కపెట్టి, నిర్ణయించిన గంటలు పూర్తికాగానే వెలుగుతుంది. మీరు ఫిల్టర్ కడిగిన సంగతి దానికి తెలియదు కాబట్టి, పుస్తకంలో చెప్పిన రీసెట్ బటన్ నొక్కేదాకా వెలుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం వచ్చే ఇబ్బందికీ దీనికీ సంబంధం లేదు. వైఫై ఉన్న మోడళ్లలో ఆ గుర్తు మినుకుమంటే అది నెట్‌వర్క్‌ను వెతుకుతోందని అర్థం. తెర మీద సీఎల్ అనే అక్షరాలు కనిపిస్తే కొన్ని కంపెనీలలో ఏసీ తనను తాను శుభ్రం చేసుకుంటోందని, మరికొన్నింటిలో పిల్లల తాళం పడిందని అర్థం. వేడి గాలి కూడా ఇచ్చే మోడళ్లలో డీఎఫ్ అని వస్తే బయటి కాయిల్ మీది మంచును కరిగిస్తోందని అర్థం. మన దగ్గర అది చలికాలంలో తప్ప కనపడదు. ఇంకొకటి కూడా తరచుగా అడుగుతుంటారు: కరెంటు పోయి వచ్చాక తెర మీద దానంతట అదే 24 కనిపిస్తే అది కూడా లోపం కాదు. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలకు 2020 జనవరి నుంచి 24 డిగ్రీలను మొదటి సెట్టింగుగా పెట్టాలన్న నిబంధన వచ్చింది.

కరెంటు వచ్చిన తర్వాత దాదాపు మూడు నిమిషాలు కంప్రెసర్ మొదలుకాకపోవడం కూడా చాలామందిని భయపెడుతుంది. ఆపిన వెంటనే పైపులలో ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. అవి సమానం కాకముందే మొదలుపెడితే కంప్రెసర్ మీద భారం పడుతుంది కాబట్టి బోర్డు కావాలనే ఆగుతుంది. ఇంట్లో స్టెబిలైజర్ ఉంటే అది కూడా తన వంతు ఆలస్యం చేస్తుంది. దాని మీద పసుపు లైటు వెలుగుతున్నంతసేపు ఏసీకి కరెంటే చేరదు. ఆ సమయంలో రిమోట్‌ను పదే పదే నొక్కి ప్రయోజనం లేదు.

ఇప్పుడు మీ ఆకుపచ్చ లైటు. వరుసగా వెలిగి, ఆగి, అదే తీరుగా మళ్లీ మొదలయ్యేది లోపం సూచనే. ఆ వరుసలో ఎన్నిసార్లు వెలిగిందన్నదే కోడ్. తెర ఉన్న మోడళ్లలో అదే కోడ్ అక్షరమూ అంకె కలిసి కనిపిస్తుంది. తెర లేనివాటిలో లైట్లే అంకెలు. ఓ జనరల్ పేరుతో మన దగ్గర అమ్ముడయ్యే ఏసీలలో ఆపరేషన్ లైటు పదుల స్థానాన్ని, టైమర్ లైటు ఒకట్ల స్థానాన్ని తెలుపుతాయి. రెండూ ఒక్కోసారి వెలిగి ఆగితే అది 11, అంటే లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య మాట అందడం లేదని అర్థం. అదే లోపాన్ని డైకిన్ యూ4 అని, పానసోనిక్ హెచ్11 అని, ఎల్‌జీ సీహెచ్05 అని చూపిస్తాయి. గ్రీ అనే కంపెనీ తయారుచేసే చాలా మోడళ్లలో అది ఇ6. ఒక కంపెనీ కోడ్‌ను మరో కంపెనీ పట్టికలో వెతికితే మెకానిక్ కూడా తప్పుదారి పడతాడు. గ్రీ పట్టికలో ఇ1 అంటే గ్యాస్ ఒత్తిడి హద్దు మీరిందని. మరో కంపెనీలో అదే ఇ1 వేరే దేనికో గుర్తు. కాబట్టి ఇంటర్నెట్‌లో ‘ఏసీ ఇ1’ అని మాత్రమే వెతికి నిర్ణయానికి రాకండి. ఔట్‌డోర్ (బయటి యూనిట్) పక్కన అతికించిన చీటీ మీద మోడల్ నంబరు ఉంటుంది. దానితో కలిపి వెతకండి.

లెక్కపెట్టేటప్పుడు కంటిని నమ్ముకోవద్దు. మళ్లీ ఇబ్బంది వచ్చినప్పుడు ఎంసీబీ దించకముందే, రెండు లైట్లూ కనిపించేలా ఫోన్‌తో ఒక నిమిషం వీడియో తీయండి. నిదానంగా నడిపి చూస్తే వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేలిపోతుంది. కరెంటు తీస్తే చాలా యంత్రాలలో ఆ గుర్తు చెరిగిపోతుంది. ఇన్నాళ్లూ మీరు ఎంసీబీ దించుతూ వచ్చారు కాబట్టి, వచ్చిన మెకానిక్‌లకు చూడటానికి ఏమీ మిగలలేదు. కొన్ని కంపెనీలు చివరి కోడ్‌ను దాచి ఉంచుతాయి. డైకిన్‌లో రిమోట్ మీది క్యాన్సిల్ బటన్‌ను 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మీద 00 మినుకుమంటుంది. ఆ తర్వాత అదే బటన్‌ను ఒక్కోసారి నొక్కుతూ పోతే, సరైన కోడ్ దగ్గర మాత్రం లోపలి యూనిట్ పొడవుగా కూత పెడుతుంది. తెర మీది అంకెల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఆ గీతల అంకెలలో 5కూ ఎస్‌కూ, 6కూ చిన్న బీకీ తేడా సరిగా తెలియదు. ఫొటో ఉంటే ఆ తగాదా ఉండదు.

వీడియో తీసి, ఎన్నిసార్లు వెలిగిందో, ఏ సమయంలో వచ్చిందో, అప్పుడు ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఇక్కడ రాయండి. గ్యాస్ గురించి ఒక్క మాట. గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. గ్యాస్ తక్కువైన ఏసీ రాత్రిపూట కూడా సరిగా చల్లబరచదు. మీది రాత్రంతా బాగా నడుస్తోందని మీరే చెబుతున్నారు.

జవాబు: వైరింగ్ పనివాడు, కాజీపేట

పై అన్న చెప్పినదానికి కరెంటు వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది. మధ్యాహ్నం మాత్రమే వచ్చే ఇబ్బంది అనగానే నా మనసు ముందుగా రెండు చోట్లకు పోతుంది: ఒకటి సాకెట్ దగ్గరి వోల్టేజీ, రెండోది లోపలి యూనిట్‌ను బయటి యూనిట్‌తో కలిపే తీగ.

వోల్టేజీ సంగతి తేల్చుకోవడం సులభం. మన దగ్గర ఇంటికి రావలసింది 230 వోల్టులు. మే నెలలో వీధిలో ప్రతి ఇంటా ఏసీలు, కూలర్లు, ఫ్రిజ్‌లు ఒకేసారి నడిచే వేళ అది పడిపోతుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు కొలిస్తే సరిపోదు. కంప్రెసర్ పూర్తి వేగంతో నడుస్తుండగా, అదే సాకెట్ దగ్గర కొలవాలి. ఆపినప్పుడు 225 ఉండి, నడిచేటప్పుడు 190కి పడిపోతే లోపం వీధి లైనులో కాక మీ ఇంటి వైరింగ్‌లోనే ఉండవచ్చు. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండు భారంతో దాదాపు 7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగడం మంచి పద్ధతి. గీజర్ కోసం ఎప్పుడో లాగిన సన్నని తీగ మీద ఏసీని కూడా ఎక్కిస్తే ఆ తీగే వేడెక్కి వోల్టేజీని తినేస్తుంది. ప్లగ్ తీసి దాని కాళ్లను చూడండి. నల్లబడి ఉన్నా, సాకెట్ పక్కన ప్లాస్టిక్ కమిలినా, ముందు మార్చవలసింది దాన్ని. ఇంట్లో సరిగా ఉండి వీధి మొత్తానికి లో వోల్టేజీ ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

‘స్టెబిలైజర్ అవసరం లేదు’ అని పెట్టె మీద రాసి ఉన్న ఏసీలకు కూడా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఏసీ చెడిపోదు గానీ, వోల్టేజీ తగ్గేకొద్దీ వేగం తగ్గించుకుంటుంది. హద్దు దాటితే కోడ్ చూపించి ఆగుతుంది. మిడియా కంపెనీ తరహా మోడళ్లలో పీ1 అని వచ్చేది ఇదే.

రెండో విషయం ఇంతకన్నా ముఖ్యం. లోపలి నుంచి బయటికి పోయే కేబుల్‌లో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ తీగలతో పాటు సమాచారం మోసే తీగ ఒకటి ఉంటుంది. రెండు బోర్డులూ దాని మీదే మాట్లాడుకుంటాయి. చాలా ఏసీలలో ఆ సంకేతం న్యూట్రల్‌ను ఆధారం చేసుకుని నడుస్తుంది. అందువల్ల ఔట్‌డోర్ దగ్గర ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా, న్యూట్రల్ స్క్రూ వదులైనా, కంప్రెసర్‌కు కరెంటు అందుతున్నా సరే, మాట మాత్రం అందదు. బిగించేటప్పుడు కంపెనీ కేబుల్ పొడవు చాలక, మధ్యలో ముక్క కలిపి, మెలితిప్పి, టేపు చుట్టి వదిలేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. ఆ అతుకు డాబా మీద ఎండలో ఉంటే టేపు జిగురు కరిగి, రాగి నల్లబడి, మధ్యాహ్నం వేడికి పట్టు వదులుతుంది. సాయంత్రానికి చల్లబడి మళ్లీ కలుస్తుంది. మీ లక్షణాలు దీనికి బాగా దగ్గరగా ఉన్నాయి, మేడం. ఈ అతుకు గురించి తప్పకుండా అడిగి చూడండి.

ఒక హెచ్చరిక. ఇన్వర్టర్ ఔట్‌డోర్ కవరును ఇంట్లోవాళ్లు విప్పకూడదు. అందులో కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. ఎంసీబీ దించిన తర్వాత కూడా అది తగ్గడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గోడ మీద పోయే కేబుల్‌ను కంటితో చూడటం వరకే మీ పని.

జవాబు: ఎనుమాముల నుంచి ఒక పాఠకుడు

మా ఇల్లు మార్కెట్‌కు దగ్గర. పత్తి బండ్లు వచ్చే రోజుల్లో గాలిలో దూది పోగులు తేలుతుంటాయి. ఔట్‌డోర్ ఫ్యాన్ వెనక వైపు నుంచి గాలిని లాగుతుంది కాబట్టి ఆ పోగులన్నీ కాయిల్ రేకుల మీద పరుచుకుని, దుమ్ముతో కలిసి దుప్పటిలా తయారవుతాయి. ముందు వైపు నుంచి చూస్తే ఏసీ కొత్తదానిలా ఉంటుంది. వెనక్కి తొంగి చూస్తే తప్ప తెలియదు. మా ఏసీ కూడా ఎండలోనే ఆగేది, సాయంత్రం బాగా నడిచేది. వచ్చిన మెకానిక్ కోడ్ చూసి, బయటి యూనిట్ వేడిని వదలలేక ఒత్తిడి పెరుగుతోందని చెప్పి, ఎంసీబీ దించి, పైపు నీళ్లతో మెల్లగా కడిగారు. కరెంటు భాగాలు ఉన్న వైపు నీళ్లు పడకుండా చూసుకోవాలని, ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకులు వంగిపోతాయని కూడా చెప్పారు.

దొంగల భయంతో ఔట్‌డోర్ చుట్టూ ఇనుప పంజరం కట్టి, పైన రేకు వేసి, ముందు వస్తువులు పెట్టే ఇళ్లు మా వీధిలో చాలా ఉన్నాయి. వదిలిన వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. పంజరం ఉన్నా పరవాలేదు గానీ గాలి వదిలే వైపు ఖాళీగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: నయీంనగర్ టీచర్

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే వీడియో తీశాను. ఆకుపచ్చ లైటు ఆరుసార్లు వెలిగి ఆగుతోంది, టైమర్ లైటు అంతసేపూ నిలకడగా వెలుగుతోంది. ఆ సమయంలో ఔట్‌డోర్ ఫ్యాన్ తిరగడం లేదు. మోడల్ నంబరుతో కంపెనీ సేవా కేంద్రానికి ఫోన్ చేసి, వీడియో పంపి అడిగితే, అది రెండు యూనిట్ల మధ్య సమాచారం అందకపోవడానికి గుర్తని చెప్పారు.

ఈసారి వచ్చిన సాంకేతిక నిపుణుడిని, పనిలో దిగకముందే, కేబుల్‌లో మధ్యన అతుకు ఉందా అని అడిగాను. పిట్టగోడ దాటి సజ్జ మీదుగా పైపులు దిగే చోట, నురుగు తొడుగు చినిగిపోయిన దగ్గర, నిజంగానే అతుకు బయటపడింది. నాలుగు తీగలనూ ఒకే చోట మెలితిప్పి టేపు చుట్టారు. టేపు ఎండకు బిరుసెక్కి, ముట్టుకుంటే పెచ్చులుగా ఊడింది. లోపల రాగి పోగులు నల్లగా, పొడిబారి ఉన్నాయి. ఆయన అతుకును తీసేసి, ఇండోర్ నుంచి ఔట్‌డోర్ దాకా ఒకే కేబుల్ వేసి, రెండు చివర్లా స్క్రూలు బిగించి, ఫేజ్, న్యూట్రల్ సరిచూసి వెళ్లారు. బోర్డు మార్చవలసిన అవసరం లేదన్నారు. ఫిల్టర్ లైటు రీసెట్ బటన్ నొక్కగానే ఆరిపోయింది. ఆ తర్వాత లైట్లు మళ్లీ అలా వెలగలేదు.

అయితే ఒక అనుమానం మిగిలింది. ఎండ బాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఏసీ ఆగడం లేదు గానీ, 24 మీద పెట్టినా గది 27 దగ్గరే నిలిచిపోతోంది. ఏ లైటూ తప్పు చూపించడం లేదు. లైటు చూపించకపోతే లోపం లేదనే అనుకోవచ్చా?

జవాబు: కాశిబుగ్గ ఏసీ మెకానిక్, వరంగల్

మంచి పని జరిగిందమ్మా. కాజీపేట తమ్ముడు సరిగ్గా ఊహించాడు. ఎంత తీసుకున్నారో మీరు రాయలేదు గానీ, కేబుల్ ఖర్చు ఇన్వర్టర్ బోర్డు ఖర్చులో చిన్న భాగం కూడా ఉండదు.

లైటు వెలగకపోతే లోపం లేదని అనుకోవడానికి వీల్లేదు. హద్దు దాటితేనే గుర్తు వస్తుంది. హద్దుకు ఇవతల ఎంత నలిగిపోతున్నా యంత్రం మౌనంగానే ఉంటుంది. పాత రకం, అంటే ఇన్వర్టర్ కాని ఏసీలలో ఇది ఇంకా ఎక్కువ. కెపాసిటర్ బలహీనపడి కంప్రెసర్ ఒక్క క్షణం మూలిగి ఆగిపోతున్నా, లోపల ఆకుపచ్చ లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే వాటిలో చాలా వాటికి బయటి యూనిట్‌లో ఏం జరుగుతోందో తెలుసుకునే దారే లేదు.

మీ విషయంలో మాత్రం వెంటనే లోపమని అనను. ఏసీ మీద రాసిన సామర్థ్యం, బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. మన దగ్గర మే నెలలో 44 దాకా పోతుంది, డాబా మీద ఎండ పడే గోడ పక్కన ఔట్‌డోర్ పీల్చే గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు ఏసీ ఇచ్చే చల్లదనం తగ్గుతుంది. పైగా, బోర్డూ కంప్రెసరూ మరీ వేడెక్కకుండా ఇన్వర్టర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనికి చాలా మోడళ్లలో లైటు ఉండదు. పై అంతస్తు ఇల్లు, పైన నీడ లేని డాబా అయితే 27 దగ్గర నిలవడం ఆశ్చర్యం కాదు.

ఒక చిన్న కొలతతో తేల్చుకోవచ్చు. సాయంత్రం ఏడు దాటాక, ఏసీని అతి తక్కువ డిగ్రీల మీద పెట్టి, ఫ్యాన్ వేగం ఎక్కువ చేసి, పావుగంట నడవనివ్వండి. గదిలో వేడి కొలిచే చిన్న డిజిటల్ పరికరం ఒకటి తెచ్చుకుని, పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి పెట్టి చూడండి. తేడా 10 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాస్ వైపు అనుమానపడనవసరం లేదు. అలాంటప్పుడు ఎనుమాముల ఆయన చెప్పినట్టు ఔట్‌డోర్ వెనక వైపు చూసి కడిగించండి, దాని మీద నేరుగా ఎండ పడకుండా గాలి ఆడేటంత ఎత్తులో నీడ వేయించండి.

రాత్రి కూడా తేడా ఆరేడు డిగ్రీలు మించకపోతే, ఔట్‌డోర్ పక్కన పైపులు కలిసే నట్ల దగ్గర నూనె మరక ఉందేమో చూడండి. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి, అక్కడ దుమ్ము పట్టి జిడ్డుగా నల్లబడి ఉంటుంది. సన్న పైపు మీద మంచు కట్టడం కూడా గ్యాస్ తగ్గిందనడానికి గుర్తే. లోపలి కాయిల్ మొత్తం మంచు కడితే మాత్రం ముందు ఫిల్టరు, బ్లోయర్ శుభ్రంగా ఉన్నాయో లేదో చూడాలి, గాలి ఆడకపోయినా అలాగే అవుతుంది. గ్యాస్ నింపించవలసి వస్తే, సబ్బు నురుగుతో లీకు వెతికించి, దాన్ని బిగించి, వాక్యూమ్ చేయించి (పైపులలోని గాలిని పూర్తిగా లాగించి), ఔట్‌డోర్ చీటీ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అంతే తూకం వేసి ఎక్కించమని అడగండి. ఈ మధ్య వచ్చే ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది, కాబట్టి తలుపులు తీసి, దగ్గరలో మంట లేకుండా చేయవలసిన పని అది. లీకు వెతకకుండా సిలిండరు పెట్టి అంచనాతో నింపేవారు వస్తే, తూకం మిషన్ తెచ్చుకుని రమ్మని పంపేయండి.